గోల్డ్ కార్డు గీత ఎక్కడ గీస్తారు?

విమాన సంస్థల సభ్యత్వ పథకాల గురించి విశాఖపట్నం పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు రెండుసార్లు హైదరాబాదు వెళ్ళి రావడం తప్పని పని. రానూ పోనూ లెక్క వేస్తే పోయిన ఏడాది 48 సార్లు విమానమెక్కాను. అయినా నా సభ్యత్వం సిల్వర్ దగ్గరే ఆగిపోయింది. మా పక్కింటాయన ఏడాది మొత్తంలో రెండుసార్లు ఢిల్లీ మీదుగా లండన్ వెళ్ళి వచ్చారు, అదీ బిజినెస్ క్లాసులో. ఎనిమిదే ప్రయాణాలు. ఆయనకు గోల్డ్ వచ్చింది. తరచుగా ప్రయాణించేవారి పథకం అని పేరు పెట్టి, తరచుగా ప్రయాణించేవాడిని పక్కన పెట్టడం ఏం న్యాయం? అసలు ఈ గీతను ఏ లెక్కన గీస్తారు? (గాజువాక పాఠకుడు)

జవాబు: మీ 48 ప్రయాణాలనూ విమాన సంస్థ లెక్కపెట్టింది. మీరు వాడిన కొలబద్దతో మాత్రం లెక్కపెట్టలేదు.

ఈ పథకాలు పుట్టినప్పుడు కొలబద్ద దూరం. అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తొలగి పోటీ ముదిరిన తరవాత, 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘ఎ అడ్వాంటేజ్’ పథకాన్ని మొదలుపెట్టింది. కొద్ది రోజులు తిరక్కుండానే యునైటెడ్ తన ‘మైలేజ్ ప్లస్’తో వచ్చింది. ఎగిరిన మైళ్లు ఎగిరినట్టే ఖాతాలో పడేవి. ఆ మైళ్ల మీదనే క్రమంగా మెట్లు కట్టారు: ఏడాదిలో 25 వేల మైళ్లకు మొదటి మెట్టు, 50 వేలకు రెండోది, 75 వేలకు మూడోది, లక్షకు పై మెట్టు. యునైటెడ్‌లో పై మెట్టుకు ‘వన్ కే’ అనే పేరు ఆ లక్ష మైళ్లను పట్టి వచ్చిందే.

పాత పద్ధతే ఉండి ఉంటే మీకు మేలు జరిగేదనుకోకండి. విశాఖ నుంచి హైదరాబాదుకు గాలిదారి సుమారు 500 కిలోమీటర్లు, అంటే 310 మైళ్లు. మీ 48 ప్రయాణాలు కలిపినా 15 వేల మైళ్లు నిండవు. 25 వేలు చేరాలంటే 80 సార్లకు పైగా ఎక్కాలి. హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా డాలస్‌కు ఒక్కసారి వెళ్ళి వచ్చినవారికి 19 వేల మైళ్ల దాకా దారి ఉంటుంది. ఎంత చిన్న ప్రయాణానికైనా కనీసం 500 మైళ్లు జమ చేసే వెసులుబాటు కొన్ని పథకాల్లో ఉండేది. అది దొరికినా మీరు 24 వేల దగ్గర ఆగిపోయేవారు, మొదటి మెట్టుకు సరిగ్గా వెయ్యి మైళ్ల ఇవతల. అది ఇంకా మనసుకు కష్టం కలిగించే సంగతి.

దూరాన్ని కొలిచినంత కాలం సంస్థలకు ఒక చిక్కు ఉండేది. చవక టికెట్ దొరికిన రోజున పని లేకపోయినా దూరదేశానికి వెళ్ళి, విమానాశ్రయం దాటకుండానే తిరిగి వచ్చి, మైళ్లు నింపుకునేవారు బయలుదేరారు. అలాంటివారూ, రేపటి సమావేశానికి ఈ రాత్రి నాలుగింతల ధరకు టికెట్ కొన్న వ్యాపారీ ఒకే మెట్టు మీద నిలబడేవారు. విమానం ఎంత దూరం ఎగిరిందన్నది సంస్థకు అయిన ఖర్చును చెబుతుంది కాని, వచ్చిన రాబడిని చెప్పదు కదా! అందుకే 2014లో డెల్టా, యునైటెడ్ సంస్థలు మైళ్లతో పాటు కనీస ఖర్చును కూడా షరతుగా పెట్టాయి. 2017లో అమెరికన్ అదే దారి పట్టింది. తరవాత కొన్నిచోట్ల మైళ్ల లెక్క పూర్తిగా పోయి డబ్బు లెక్క మిగిలింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి అర్హమైన ఖర్చులో ఒక పౌండుకు ఒక పాయింటు చొప్పున లెక్క వేస్తూ, గోల్డ్‌కు 20 వేల పాయింట్ల గీత పెట్టింది. అంతకుముందు అక్కడ గోల్డ్ గీత 1,500 పాయింట్లు, అవి దూరాన్నీ తరగతినీ బట్టి వచ్చేవి. మన దేశంలో ఎయిర్ ఇండియా 2024లో తన పథకాన్ని ఖర్చు ప్రాతిపదికకు మార్చుకుంది. మీ పక్కింటాయన ఎనిమిది ప్రయాణాలు మీ నలభై ఎనిమిదిని మించిపోవడానికి కారణం ఇదే.

ఇక గీత ఎక్కడ గీయాలన్న మాట. మన పిల్లల ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఒక కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో దాన్నే కటాఫ్ అంటాం; ఆ అంకెను ఎవరూ ముందు నిర్ణయించరు, సీట్లు ఎన్నో, అడిగేవారెందరో అన్నదాన్ని బట్టి అదే తేలుతుంది. విమాన సంస్థ మెట్టు కూడా ఆ జాతిదే, కాకపోతే సంస్థ ఆ చివరి ర్యాంకును పరీక్షకు ముందే ఊహించి ప్రకటించాలి. హోదాతో ఇచ్చే సౌకర్యాలన్నీ లెక్కకు లోబడినవే: విమానాశ్రయంలోని లాంజ్‌లో, అంటే ప్రత్యేక విశ్రాంతి గదిలో కుర్చీలు ఇన్నే, అమ్ముడుపోక మిగిలే ముందు వరుస సీట్లు ఇన్నే. సింహాచలంలో రద్దీ రోజున అందరూ ప్రత్యేక దర్శనం టికెట్టే కొంటే ఆ క్యూ ధర్మ దర్శనం క్యూ అంత పొడవవుతుంది. అప్పన్న సన్నిధికి త్వరగా చేరేది ఎవరూ ఉండరు, డబ్బు మాత్రం పోతుంది. గోల్డ్ సభ్యులు ఎక్కువైనప్పుడు ‘ముందుగా విమానమెక్కేవారు రావచ్చు’ అని పిలిస్తే సగం మంది లేచి నిలబడడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి సంస్థ తన సభ్యుల పద్దును ముందు పెట్టుకుని, ఈ గీత పెడితే ఎందరు దాటుతారు, వారికి పెట్టే ఖర్చు ఎంత, ఆ సౌకర్యాలు వారికి సౌకర్యాలుగా మిగులుతాయా లేదా అని కింది నుంచి కాక పై నుంచి లెక్క వేసుకుంటూ వస్తుంది.

అందులోనూ అమ్ముడుపోక, పంచిపెట్టడానికి మిగిలే ముందు వరుస సీట్లు నానాటికీ తగ్గుతున్నాయి. డెల్టా ఒకప్పుడు తన దేశీయ ఫస్ట్ క్లాసులో చాలా సీట్లను హోదా ఉన్నవారికి ఉచితంగా ఇచ్చేది; ఇప్పుడు నూటికి డెబ్బైకి పైగా డబ్బుకే అమ్మగలుగుతోంది. అమ్ముడుపోయే సరుకును ఉచితంగా పంచేవారు ఉండరు కదా. గీత పైకి జరగడానికి ఇది ఎవరూ ప్రకటనలో రాయని కారణం.

రెండో లెక్క ఇంతకంటే సున్నితమైనది, నాకు ఆసక్తి కలిగించేదీ ఇదే. సభ్యుల్లో ఎక్కువమంది ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్కేవారు. వారు ఏ గీతకూ దగ్గరకు రారు. కొద్దిమంది వారం వారం ఎక్కేవారు. వారు ఏ గీత పెట్టినా దాటిపోతారు. గీత పని చేసేది ఈ ఇద్దరికీ మధ్య ఉన్నవారి మీద మాత్రమే. ఇంకొంచెం ఖర్చు పెడితే చేరతాను అనిపించే దూరంలో వీలైనంత ఎక్కువమంది ఉండేటట్టు, ఆ కొంచెం కోసం వారు ఇంకొక సంస్థ టికెట్ మానుకుని ఇటు వచ్చేటట్టు గీత పెట్టాలి. మరీ దగ్గరగా ఉంటే ఎలాగూ చేసే ప్రయాణాలతోనే దాటేస్తారు, సంస్థకు కొత్త రాబడి ఉండదు. మరీ దూరంగా ఉంటే ఆశ వదులుకుంటారు.

ఇప్పుడు మీ సంగతి ఈ లెక్కలో పెట్టి చూడండి. మీ టికెట్ కంపెనీ కొంటుంది, వెళ్ళవలసిన రోజు ముందే ఖరారై ఉంటుంది, సమయం కుదిరిన విమానం ఒకటో రెండో ఉంటాయి. హోదా ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు వస్తారు. ఎలాగూ వచ్చేవారిని రప్పించడానికి ఎవరూ ఖర్చు పెట్టరు. ఇది న్యాయమా అని అడిగారు. న్యాయం కాదు, వ్యాపారం, దానికి విధేయత (లాయల్టీ) పథకం అనే పేరు పెట్టడమే నా మటుకు నాకు నచ్చని సంగతి.

మరి ఈ లెక్క ఎప్పుడూ సరిగ్గా వస్తుందా అంటే, రాదు. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు చాలా సంస్థలు పాత హోదాలను ఏడాది పొడిగించాయి. అప్పటికే క్రెడిట్ కార్డు ఖర్చు మీద కూడా మెట్లెక్కే దారులు ఏర్పడి ఉన్నాయి. ప్రయాణాలు మళ్ళీ మొదలయ్యేసరికి అమెరికా విమానాశ్రయాల్లో లాంజ్ తలుపుల బయట వరుసలు కనిపించాయి. 2023 సెప్టెంబరులో డెల్టా ఒక్కసారిగా గీతను ఎత్తింది: ఇకమీద ఖర్చు ఒక్కటే కొలబద్ద, పై మెట్టయిన డైమండ్‌కు 35 వేల డాలర్లు అని ప్రకటించింది. సభ్యులు మండిపడ్డారు. కొద్ది వారాల్లోనే, మరీ దూరం వెళ్ళామని సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ స్వయంగా ఒప్పుకుని, డైమండ్‌ను 28 వేలకు, సిల్వర్‌ను 6 వేల నుంచి 5 వేలకు దించారు. పూర్ణా మార్కెట్‌లో ముప్పై ఐదు చెప్పి ఇరవై ఎనిమిదికి ఇచ్చినట్టే జరిగింది, అయినా మొదటి ధర వినకపోతే ఇరవై ఎనిమిది కూడా ఎక్కువే అని అందరికీ తోచేది.

సంస్థలు ఈ పథకాల మీద ఇంత మనసు ఎందుకు పెడతాయో తెలియాలంటే ఒక్క అంకె చాలు. 2020 కష్టకాలంలో యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. అప్పుడు ఆ పథకానికి కట్టిన విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లు. బ్యాంకులు తమ కార్డుదారులకు పంచడానికి మైళ్లను విమాన సంస్థల దగ్గర కొంటాయి. డెల్టాకు ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచే 2023లో దాదాపు 700 కోట్ల డాలర్లు వచ్చాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 2022 నుంచి విమానమెక్కకుండా కార్డు ఖర్చు మీదనే హోదా తెచ్చుకోవచ్చు. అక్కడ మొదటి మెట్టు గోల్డ్ గీత మొదటి ఏడాది 30 వేల పాయింట్లు, మరుసటి ఏడాదికే 40 వేలు.

మీ చేతిలో ఉన్న సిల్వర్ మాటేమిటంటే, దాని ఖర్చు సంస్థకు తక్కువ, ఉపయోగం ఎక్కువ. జేవియర్ డ్రెజ్, జోసెఫ్ నూన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పై మెట్టు కింద ఇంకొక మెట్టు ఉంటే పై మెట్టువారికి తమ స్థానం మరింత గొప్పగా తోస్తుందని తేల్చారు. మీ సిల్వర్ కార్డు కొంతవరకు మీ పక్కింటాయన సంతోషం కోసం పుట్టింది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఏడాదికోసారి వెళ్ళి వస్తాను. వాడు ఒకే కూటమిలోని సంస్థల్లోనే టికెట్ కొంటాడు. అదే కూటమిలో ఉన్న రెండు సంస్థల్లో గోల్డ్‌కు వేర్వేరు గీతలు ఉన్నాయట. సౌకర్యాలు ఒకటే అయినప్పుడు గీతలు వేరుగా ఎందుకు? (సీతమ్మధార పాఠకురాలు)

జవాబు: కూటమి అంటే ఒకరి సభ్యులకు మరొకరు సౌకర్యాలు ఇచ్చుకునే విమాన సంస్థల జట్టు. అది సౌకర్యాలను నిర్ణయిస్తుంది, గీతను నిర్ణయించదు. 1997లో ఏర్పడిన స్టార్ అలయన్స్‌లో కూటమి స్థాయి హోదాలు సిల్వర్, గోల్డ్ అని రెండే; ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి అందులో ఉంది. స్టార్ గోల్డ్ ఉన్నవారికి ఏ సభ్య సంస్థ విమానమెక్కినా లాంజ్, అదనపు సామాను, ముందు వరుస చెక్ ఇన్ ఉంటాయి. కాని ఆ గోల్డ్‌ను ఎవరికివ్వాలో ఏ సంస్థకా సంస్థ తేల్చుకుంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ పథకంలో పన్నెండు నెలల్లో 50 వేల అర్హత మైళ్లు చేరితే గోల్డ్. యునైటెడ్‌లో డబ్బు లెక్కతో పాటు, కనీసం నాలుగు ప్రయాణాలు తన విమానాల్లోనే చేసి ఉండాలి. ఎక్కడో చవకగా హోదా సంపాదించి తన లాంజ్‌లో వచ్చి కూర్చునేవారి ఖర్చును ఆతిథ్యమిచ్చే సంస్థ భరించవలసి వస్తుంది కనుక ఇలాంటి కాపలా షరతులు తప్పవు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. అమెరికాలో దేశీయ ప్రయాణం చేసేటప్పుడు, యునైటెడ్ ఇచ్చిన గోల్డ్ కార్డు చూపిస్తే యునైటెడ్ లాంజ్‌లోకి రానివ్వరు. వేరే సభ్య సంస్థ ఇచ్చిన గోల్డ్ కార్డు చూపిస్తే రానిస్తారు. అత్తవారింట్లో అల్లుడికి జరిగే మర్యాద సొంత కొడుక్కి జరగనట్టు.

మీ విషయంలో ముఖ్యమైనది ఇంకొకటి. ఖాతాలో కనిపించే రెండు రకాల అంకెలను కలిపి చూడకండి. టికెట్ కొనుక్కోవడానికి వాడుకునే మైళ్లు వేరు, హోదాకు లెక్క వేసే పాయింట్లు వేరు. మొదటివి కార్డు మీదా ప్రత్యేక పథకాల్లోనూ కూడా వస్తాయి. రెండోవి చాలా పథకాల్లో ప్రయాణం మీదనే వస్తాయి, అదీ అతి చవక టికెట్ల మీద తగ్గించి ఇస్తారు. ఏడాదికి ఒక్క ప్రయాణం, అదీ ఎకానమీలో అంటే, రెండు మూడు సంస్థల్లో ఖాతాలు తెరవకుండా అంతా ఒక్కచోట జమ చేసుకోవడం మేలు.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో అధికారిని. సంస్థ డబ్బుతో కొన్న టికెట్ల మీద వచ్చిన హోదా నాదా, సంస్థదా? (ఉక్కునగరం పాఠకుడు)

జవాబు: హోదా మీ పేరు మీదే వస్తుంది, దాన్ని బదిలీ చేయడం కుదరదు. మైళ్ల మాట వేరు. కేంద్ర ప్రభుత్వ ఖర్చుతో చేసిన అధికారిక ప్రయాణాల మైళ్లను అధికారిక ప్రయాణాలకే వాడాలని ప్రభుత్వోద్యోగులకు ఉత్తర్వులు ఉన్నాయి; మీ సంస్థ నియమం ఏమిటో ఫైనాన్స్ విభాగంలో అడిగి తెలుసుకోండి. టికెట్ కొనేది ఒకరు, కార్డు అందుకునేది ఇంకొకరు కావడం ఈ వ్యాపారానికి పునాది. సొంత డబ్బయితే వెయ్యి రూపాయలకు వెనకాడే మనిషి, కంపెనీ డబ్బు కాబట్టి తన కార్డు ఉన్న సంస్థకే మొగ్గుతాడని వారికి బాగా తెలుసు.

ప్రశ్న: రొయ్యల ఎగుమతి వ్యాపారం మాది. సభ్యత్వ సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుంది. గోల్డ్‌కు ఇంకా 9 వేల రూపాయల ఖర్చు తక్కువ ఉందని యాప్‌లో నీలం గీత చూపిస్తోంది, ఇంచుమించు నిండిపోయింది. ఒకరోజు చెన్నై వెళ్ళి, అక్కడే కాఫీ తాగి, సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామనుకుంటున్నాను. వచ్చే ఏడాది నుంచి ప్రయాణాలు ఎక్కువగా మా అబ్బాయే చేస్తాడు. మార్చిలో ముంబయి మాత్రం నేను వెళ్ళాలి. వెళ్ళమంటారా? (ఎం.వి.పి. కాలనీ పాఠకుడు)

జవాబు: ముందు ఆ నీలం గీతను నమ్మకండి. పైన చెప్పిన నూన్స్, డ్రెజ్‌లు 2006లో ఒక కార్లు కడిగే చోట చేసిన ప్రయోగం ప్రచురించారు. కొందరికి ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం అనే కార్డు, మరికొందరికి పది ముద్రల కార్డు, అయితే అందులో రెండు ముందే కొట్టి ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవలసింది ఎనిమిదిసార్లే. మొదటివారిలో నూటికి 19 మంది పూర్తి చేస్తే, రెండోవారిలో 34 మంది పూర్తి చేశారు. కొంత దారి ముందే వచ్చేశామన్న భావన మనిషిని నడిపిస్తుంది.

ఇక లెక్క. 9 వేలు అంటే సాధారణంగా బేస్ ఫేర్ మీద. విమానాశ్రయ రుసుములు, పన్నులు హోదా లెక్కలోకి రావు కనుక మీ జేబులోంచి అంతకంటే ఎక్కువే పోతుంది, ఒక పనిరోజు అదనం. దానికి బదులుగా దొరికేది వచ్చే ఏడాది సౌకర్యాలు. లాంజ్ మీ బ్యాంకు కార్డు మీద ఇప్పటికే ఉంటే అది కొత్త లాభం కాదు. అదనపు సామాను మీకు అవసరమా? ముంబయికి ఒక్క ప్రయాణానికి చేతి సంచి చాలు. హోదా మీ అబ్బాయికి బదిలీ కాదు. నా లెక్కలో ఇది నష్టం బేరం.

ఒక్క సంగతి అడిగి తెలుసుకోవచ్చు: గోల్డ్ దాటకపోతే ఉన్న మెట్టు నిలుస్తుందా అని. కొన్ని సంస్థలు హోదా నిలుపుకోవడానికి తక్కువ గీత పెడతాయి. ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్‌లో గోల్డ్ తెచ్చుకోవడానికి 700 పాయింట్లు, నిలుపుకోవడానికి 600. మీ పథకంలో అలాంటి నియమం ఉంటే మీ ప్రస్తుత మెట్టును నిలుపుకునే గీతను మీరు ఎప్పుడో దాటి ఉంటారు.

మార్చి ముంబయి టికెట్‌ను డిసెంబరులోనే కొనేస్తే లెక్కలో పడుతుందేమోనని మీకు తోచవచ్చు. పడదు, చాలా పథకాల్లో పాయింట్లు టికెట్ కొన్న తేదీకి కాక విమానమెక్కిన తేదీకి జమ అవుతాయి. ముంబయి పనిని డిసెంబరుకే జరుపుకునే వీలుంటే ఆ ఒక్క ప్రయాణంతో 9 వేలు నిండుతాయేమో బేస్ ఫేర్ చూసుకోండి. అలా కుదిరితే చెన్నై కాఫీ అవసరం ఉండదు.